భయానక కథారచయితలును సంఘమును

వడ్రంగులకు సంఘము కలదు. చేనేతవారికి సంఘము కలదు. న్యాయవాదులకును, వైద్యులకును, మావంటి ఉపాధ్యాయులకును సంఘములు కలవు. ఒకే పని చేయువారు పదుగురు చేరినచోట సంఘ మేర్పడుట లోకసహజము. కాని రాత్రివేళ దీపము ముందు ఒంటరిగా గూర్చుండి, చదువరి గుండె గుబగుబలాడునట్లు భయానక కథలు కల్పించువానికి సంఘముతో నేమి పని? సంఘమున జేరినంతమాత్రమున వాని కలమునకు క్రొత్తబలము వచ్చునా? ఈ ప్రశ్న వినినప్పుడు మాకు మొదట నవ్వు వచ్చెను. పిదప దానిని గూర్చి కొంత చదివి, కొంత యాలోచింపగా, అది మన పాఠశాలా సంచికయందు ముచ్చటింపదగినదే యని తోచెను.

ప్రశ్న వేసినవాడు మా పూర్వవిద్యార్థి యొకడు. మాయొద్ద మూడేండ్లు తెలుగు చదివినవాడు. ఇప్పుడు అమెరికాదేశమున నొక సరకుల గిడ్డంగిలో రాత్రిపని చేయుచున్నాడు. తీరిక దొరకినప్పుడెల్ల ఇంగ్లీషున భయానక కథలు వ్రాయుచున్నాడు. రెండు కథలను పత్రికలు స్వీకరించి సొమ్ము కూడ నిచ్చినవట. అట్టి కథలు వ్రాయువారి సంఘమొకటి ఆ దేశమున గలదనియు, ఏటేట చందా కట్టవలసియుండుననియు, ఇంటికి బంపు సొమ్ములోనుండి దానిని దీయుట తగునో తగదో చెప్పవలసినదనియు మాకు వ్రాసెను. ప్రతి రూపాయియు లెక్కయైన యింటివానికి ఏ చందాయు స్వల్పము కాదు. కావున వానికి దోచినట్లు బదులు వ్రాయక, సంగతులు విచారించి వ్రాయవలెనని నిశ్చయించుకొంటిమి.

ఈ మాట వినగానే తల్లిదండ్రులలో గొందఱు, "మాస్టరుగారు పిల్లలను దయ్యముల కథలు వ్రాయుమనుచున్నారా?" యని శంకింపవచ్చును. భయానకము మన పెద్దలు త్రోసివేసినది కాదు. భరతుని నాట్యశాస్త్రము చెప్పిన ఎనిమిది రసములలో నది యొకటి. చెట్టునకు వ్రేలాడు శవమును భుజముపై వేసికొని మోయుచు విక్రమార్కుడు భేతాళుని కథలు వినుట ఎఱుగని తెలుగు బిడ్డ యుండడు. ఆ కథలలో భయముతోపాటు న్యాయవిచారము కూడ గలదు. వెఱపును సరిగా జూపిన కథ చదువరిని దుర్బలుని చేయదు. తన వెఱపును దాను ఎదుర చూచుకొనుట నేర్పును. కాబట్టి భయానక కథ వ్రాయుట యోగ్యమగు పనియే యనుకొని ముందుకు బోదము.

మా విద్యార్థి చెప్పిన సంఘము పేరు హారర్ రైటర్స్ అసోసియేషన్. అది ఏటేట ఉత్తమ రచనలకు బహుమానముల నిచ్చును. ఆ బహుమానములకు "డ్రాకులా" నవలాకర్తయగు బ్రామ్ స్టోకరు పేరు పెట్టబడినది. ఆ సంఘపు సంగతి చెప్పుటకు ముందు, స్టోకరు ఇంట జరిగిన కథయొకటి చెప్పవలసియున్నది. మన ప్రశ్నకు దానికన్న మంచి దృష్టాంతము మాకు గనబడలేదు.

బ్రామ్ స్టోకరు 1847లో డబ్లిన్ నగరమున జన్మించెను. లండనులోని లైసియం నాటకశాలకు వ్యవహారకర్తగా ననేక సంవత్సరములు పనిచేసెను. పగలెల్ల నాటకశాల లెక్కలును ఉత్తరములును, తీరికవేళ కథారచన. ఇది ఆయన జీవితము. "డ్రాకులా" 1897లో వెలువడెను. 1912లో ఆయన మరణించెను. భార్య ఫ్లోరెన్సు భర్త పుస్తకములపై వచ్చు ఆదాయమును నమ్ముకొని జీవింపవలసినదయ్యెను.

1922లో జర్మనీదేశమున ప్రానాఫిల్మ్ అను సంస్థ "నొస్ఫెరాటు" అను మూగచిత్రమును దీసెను. దర్శకుడు మూర్నౌ. కథ "డ్రాకులా" కథయే. ప్రభువు పేరుమాత్రము ఓర్లాక్ అని మార్చిరి. వితంతువు ననుమతి యడిగినవారు లేరు. ఆమెకు చిల్లిగవ్వ యిచ్చినవారు లేరు. ఆమె లండనులో నుండెను. సంస్థ బెర్లినులో నుండెను. భాష వేఱు, న్యాయస్థానము వేఱు. ఒంటరి స్త్రీ యొకతె పరదేశపు సంస్థపై వ్యాజ్యము నడపుట యెట్లు?

అప్పుడామె బ్రిటిషు రచయితల సంఘమున సభ్యురాలుగా జేరెను. ఆ సంఘము 1884లో వాల్టర్ బెసంటు అను నవలాకర్త పూనికతో స్థాపింపబడినది. రచయితల హక్కులను గాపాడుటయే దాని ముఖ్యోద్దేశము. ఆమె మొఱ విని సంఘము జర్మనీలో న్యాయవాదిని నియోగించి వ్యవహారము నడపెను. చిత్రము దీసిన సంస్థ ఇంతలో దివాలా తీసెను. వ్యాజ్యము మూడేండ్లు సాగెను. తుదకు 1925లో ఆ చిత్రపు ప్రతులనెల్ల నాశనము చేయవలెనని న్యాయస్థానము తీర్పు చెప్పెను.

ఆమెకు దక్కినదేమి యని యడుగుదురేమో. దివాలా తీసిన సంస్థనుండి నష్టపరిహారము రాలేదు. ప్రతులు కూడ నన్నియు నశింపలేదు. కొన్ని దేశాంతరములందు మిగిలిపోయినవి. నేడా చిత్రమును చలనచిత్రకళాభిమానులు గొప్పగా మెచ్చుకొనుచున్నారు. చిత్రము మిగులుట కళకు లాభమే యని మేమును ఒప్పుకొందుము. అయినను ఆ తీర్పువలన నొక సంగతి లోకమునకు స్పష్టమయ్యెను: పేర్లు మార్చినంతమాత్రమున నొకరి కథ మఱియొకరి సొత్తు కాదు. తరువాత 1930లో హాలీవుడ్డులోని యూనివర్సల్ సంస్థ "డ్రాకులా"ను తెరకెక్కింపదలచినప్పుడు, దొంగచాటున దీయలేదు. హక్కులను 40,000 డాలర్లకు గొనెను. నాటకముగా మార్చినవారికిని అందులో భాగము పోయినను, ఆ వితంతువు హక్కు పరిగణింపబడెను. సంఘము ఆమెకు కథ వ్రాసి యియ్యలేదు; భర్త వ్రాసిపోయిన కథకు మాత్రము కావలి నిలిచెను.

ఇది హక్కుల మాట. ఇక స్నేహపు మాట. దీనికి లవ్‌క్రాఫ్ట్ అను రచయిత జీవితమును జూడవలెను.

ఆయన 1890లో అమెరికాదేశమందలి ప్రావిడెన్స్ నగరమున బుట్టెను. 1908లో ఆరోగ్యము చెడి, ఉన్నతపాఠశాల చదువు ముగింపకయే మానుకొనెను. అటుపై నయిదేండ్లు దాదాపుగా ఇల్లు కదలకయు, మనుష్యులతో గలియకయు నుండెను. బాల్యమున వ్రాయుచుండిన కథలను గూడ మానివేసెను. 1913లో నొక పత్రికలోని ప్రేమకథలను నిరసించుచు ఆయన వ్రాసిన లేఖలవలన చదువరులలో పెద్దవాదము చెలరేగెను. దానిని జూచి, ఔత్సాహిక రచయితల సంఘమునకు జెందినవాడొకడు ఆయనను తమ సంఘమున జేరుమని పిలిచెను. 1914లో నాయన చేరెను. ఆ సంఘమువారు తమ ఖర్చుతో చిన్నచిన్న పత్రికలు అచ్చువేసి యొండొరులకు టపాలో బంపుకొనుచుండిరి. మన విద్యార్థుల చేవ్రాత పత్రికవంటిదే వారి వ్యవసాయము. సొమ్ము వచ్చునది కాదు. మఱుసటి యేడు లవ్‌క్రాఫ్ట్ తానును ఒక పత్రిక మొదలుపెట్టెను. సంఘమిత్రుడొకడు ఆయన చిన్ననాటి కథలను మెచ్చి, మరల వ్రాయుమని ప్రోత్సహింపగా 1917లో కథారచనకు దిరిగి పూనుకొనెను. ఏకాంతమున మూసికొనియున్న తలుపును తెఱపించినది ఆ సంఘమే.

సంఘము ఆయన పేదఱికమును దీర్పలేదు. ఇతరుల వ్రాతలను దిద్ది యిచ్చి పొట్టపోసికొనుచు, 1937లో నలువది యాఱేండ్ల ప్రాయమున నాయన మరణించెను. కాని లేఖలద్వారా ఆయన సంపాదించిన మిత్రులు ఆయన కథలను నశింపనీయలేదు. ఆగస్టు డెర్లెత్, డొనాల్డ్ వాండ్రై అను నిరువురు 1939లో ఆర్కం హౌస్ అను ప్రచురణసంస్థను స్థాపించి ఆ కథలను గ్రంథరూపమున వెలువరించిరి. వీరిలో డెర్లెత్ ఆయన ముఖమునైన జూచియెఱుగడు. లేఖలే వారి పరిచయము.

విద్యార్థులు ముఖ్యముగా వినదగిన సంగతి యింకొకటి కలదు. 1933లో రాబర్ట్ బ్లాక్ అను నొక బాలుడు లవ్‌క్రాఫ్టునకు ఉత్తరము వ్రాసెను. అప్పటికి వానికి పదునాఱేండ్లు. మన పదవ తరగతి పిల్లవాని యీడు. పెద్దరచయిత విసుగుకొనక బదులిచ్చి, "నీవును కథలు వ్రాయరాదా?" యను భావముతో ప్రోత్సహించెను. మఱుసటి యేడే ఆ బాలుని కథను "విఅర్డ్ టేల్స్" అను పత్రిక కొనెను. ఆ బాలుడే పెరిగి 1959లో "సైకో" అను నవలను వ్రాసెను. దాని చలనచిత్రహక్కులు 9,500 డాలర్లకు బోయినవి. కొనుచున్నవాడు హిచ్‌కాక్ అను ప్రసిద్ధదర్శకుడని రచయితకు అప్పుడు తెలియనియ్యలేదు. 1960లో వచ్చిన ఆ చిత్రము లోకమెల్ల నాడెను. బేరమునందు ఒకడు అన్నియు నెఱిగియుండ, రెండవవాడు ఏమియు నెఱుగకయుండుట రచయితలకు దఱచుగా గలుగు కష్టము. ఒండొరులతో ధరలును షరతులును జెప్పుకొను రచయితలు ఆ చీకటిని కొంతవఱకైనను దగ్గించుకొనగలరు.

ఇట్టి అనుభవము లెన్నో కూడిన పిదపనే, 1980ల నడుమ, మా విద్యార్థి చెప్పిన సంఘము పుట్టెను. రాబర్ట్ మెకామన్ అను నవలాకర్త తలపును, జో లాన్స్‌డేల్, కారెన్ లాన్స్‌డేల్ దంపతుల కృషియు దానికి మూలము. డీన్ కూంట్జ్ దాని మొదటి అధ్యక్షుడు. 1987వ సంవత్సరపు రచనలకు తొలిసారి స్టోకరు బహుమానముల నిచ్చిరి. నవలలలో స్టీఫెన్ కింగు వ్రాసిన "మిజరీ"యు, మెకామన్ వ్రాసిన "స్వాన్ సాంగు"ను బహుమానమును బంచుకొన్నవి. బహుమానము చిన్న దయ్యాల మేడ బొమ్మ. దాని తలుపు తెఱచినచో లోపల రచయిత పేరు చెక్కిన రేకు కనబడును. ఆ బహుమానము "అందఱికన్న ఉత్తముడు" అను మాటతో గాక "శ్రేష్ఠమైన కృషి" అను మాటతో నియ్యబడును. రచయితలను పందెపు గుఱ్ఱములను జేయరాదని వారి యుద్దేశము. తరగతిలో మొదటి మార్కునకై పోరాడు పిల్లలను నిత్యము చూచు మాకు ఈ మాట మిక్కిలి నచ్చెను. లేఖ వ్రాసిన బాలుడు, ఆ రాబర్ట్ బ్లాక్, ముదిమియందు ఈ సంఘమునుండియే జీవితకాల సాధనకుగాను బహుమానము నందుకొనెను.

సంఘపు ఏర్పాటులను గూడ కొంచెము చెప్పుదుము. సభ్యులలో తరగతులు కలవు. తగిన పారితోషికము గొని రచనలు ప్రకటించినవారు పూర్ణసభ్యులు. ప్రారంభదశయందున్నవారును, ఆ రచనలయం దాసక్తి గలవారును తక్కిన తరగతులలో జేరవచ్చును. క్రొత్తవానికి ననుభవజ్ఞుడైన రచయిత నొకనిని జతపఱచి దారి చూపు పద్ధతి కలదు. ప్రచురణకర్తకును రచయితకును తగవు వచ్చినచో విచారించి నడుమ మాటలాడు ఉపసంఘము కలదు. ఆపదలో నున్న సభ్యులకు సహాయనిధి కలదు. 2016 మొదలు స్టోకరు పేరిట వార్షికసమావేశములు కూడ జరుపుచున్నారు.

ఇవి చదివినవాడు, "ఇక నేమి? చేరినచో గొప్ప రచయితనగుదును" అని భ్రమపడరాదు. సంఘము కథను వ్రాయదు. సంపాదకుడు కథను జేత బట్టినప్పుడు చూచునది మొదటి పుటను. రచయిత చందా రసీదును గాదు. వాక్యము చచ్చుగా నున్నచో ఏ బహుమానపు మేడయు దానికి బ్రాణము పోయజాలదు. అంతేకాదు, సమావేశములకును ఎన్నికలకును తగవులకును కాలమెల్ల వ్యయపఱచి, కథ వ్రాయుట మఱచువారును ఏ సంఘమునందైనను గొందఱుందురు. మేరీ షెల్లీ "ఫ్రాంకెన్‌స్టీన్" కథకు అంకురార్పణ చేసినది 1816 వేసవిలో. జెనీవా సరస్సుతీరమున వానకు వెలుపలికి బోలేక యింట జిక్కుకొనిన నలుగురైదుగురు మిత్రులు, తలకొక దయ్యపు కథ వ్రాయవలెనని పందెము వేసికొన్నప్పుడు. వారికి నియమావళి లేదు, చందా లేదు, అధ్యక్షుడు లేడు. అప్పటికామెకు పదునెనిమిదేండ్లు. స్నేహితుల గోష్ఠియే చాలిన సందర్భములు కలవని దీనివలన దెలియుచున్నది.

మా వృత్తియందు మేము చూచినదియు నిట్టిదే. శిక్షణ కళాశాల విడిచి ఉద్యోగమున బ్రవేశించిన మూడవ యేట మేము ఉపాధ్యాయ సంఘమున జేరితిమి. ఆ కాలమున మాతోడి ఉపాధ్యాయిని యొకామెకు రావలసిన వార్షిక వేతనవృద్ధి మూడేండ్లు నిలిచిపోయెను. ఆమె ఒక కార్యాలయమునకు ఆఱు విన్నపములు వ్రాసెను. ఒక్కదానికైనను బదులు లేదు. పిల్లల ఫీజులకు మెడలోని గొలుసు కుదువబెట్టెను. తుదకు సంఘపు కార్యదర్శి నియమముల ప్రతిని జేతబట్టుకొని ఆమెతోగూడ వెళ్లెను. ఆయన కేకలు వేయలేదు. ఫలానా నియమము ఫలానా పుటలో గలదని చూపి, బదులు కాగితముపై నిండని యడిగెను. నాలుగు నెలలలో బకాయి సొమ్ము వచ్చెను. ఆ విన్నపము లాఱును సత్యములే; ఏడవదానివెనుక మాత్రము వందలకొలది చేతులుండెను. భేదమంతయు అదియే.

కాని ఆ సంఘము మాకొక్క పాఠమునైన జెప్పుట నేర్పలేదు. సమాసములు చెప్పునప్పుడు కడపటి బల్లమీది పిల్లవాడు ఆవులించినచో, దానికి విరుగుడు సంఘమువద్ద లేదు. రాత్రి మేము కూర్చుండి క్రొత్త ఉదాహరణలు వెదకుకొనవలసినదే. రచయిత పనియు నట్టిదే. కథకు సంబంధించిన శ్రమ ఒంటరిది. కథ వెలికి వచ్చిన తరువాత దానికి గలుగు కష్టసుఖములు పదుగురితో బంచుకొనదగినవి. సంఘము సహాయపడునా పడదా యను వాదమున నిరుపక్షములవారును ఈ రెండింటిని వేఱుచేసి చూడకపోవుటవలననే కలత పుట్టుచున్నది.

ఈ విధముగా విచారించి మా విద్యార్థికి మూడు ప్రశ్నలు వ్రాసి పంపితిమి. నీయొద్ద గాపాడుకొనదగిన వ్రాత ఉన్నదా? సంఘమునుండి పుచ్చుకొనుటయేగాక, నీకన్న క్రొత్తవాని వ్రాత చదివి పెట్టుటకు నెలకు రెండుగంటలైన నీయగలవా? చందా కట్టిన నెల ఇంటివారి కేమైనను లోటు కలుగునా? మొదటి రెంటికి "అవును" అనియు, మూడవదానికి "కాదు" అనియు చెప్పగలిగినప్పుడు చేరుమంటిమి. ఇంకొక మాటయు జేర్చితిమి: "చందాను కథలవలన వచ్చిన సొమ్ములోనుండియే కట్టుము, అమ్మకు బంపు సొమ్మును ముట్టకుము. కథ తన కావలికూలిని దానే సంపాదించుకొననిమ్ము. అంతవఱకు కథను అమ్మునప్పుడు ఒడంబడికయందలి ప్రతిపంక్తిని జదువక సంతకము చేయకుము. తెలియనిచో తెలిసినవారి నడుగుము. అడుగుటకు చందా లేదు."

ప్రియ విద్యార్థులారా, మీలో ననేకులు కథలు వ్రాయుచున్నారని మేమెఱుగుదుము. లెక్కల పుస్తకము వెనుకపుటలలో పాడుబడిన బంగళాలును, చింతచెట్టుపై తెల్లచీరలును మాకు దఱచుగా గనబడుచునేయున్నవి. అవి చూచి మేము కోపించినది లెక్కలు మిగిలిపోయినందుకే గాని కథలు వ్రాసినందుకు గాదు. మీకు సముద్రముల కావలి సంఘము ఇప్పు డక్కఱలేదు. ముగ్గురు నలుగురు గూడుడు. వారమున కొకనాడు, బడి విడిచిన పిదప, వేపచెట్టు క్రింద గూర్చుండుడు. ఒకరు చదువుడు, తక్కినవారు వినుడు. ఏ వాక్యమునొద్ద భయము కలిగినదో, ఏ వాక్యమునొద్ద భయమునకు మాఱుగా నవ్వు వచ్చినదో దాచక చెప్పుడు. ఒకరి కథను మఱియొకరు తమదని చెప్పుకొనకుడు. ప్రతి కథ చివరను పేరును తేదీయు వ్రాసి, ఒక ప్రతిని మీయొద్ద భద్రపఱచుకొనుడు. పెద్దసంఘము లన్నియు గాపాడునది ఈ చిన్న మర్యాదలనే.

సంచికా సంపాదకులు వచ్చు సంవత్సరమునకు విద్యార్థుల కథలను కోరుచున్నారు. మీలో నెవ్వరైనను మంచి భయానక కథ వ్రాసినచో మాయొద్దకు దెండు. పగటివేళ తెండు, మేమును మనుష్యులమే గదా.